తెలియనివి రాసుకున్న నోట్‌బుక్

పాత పుస్తకాల అట్టపెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున దొరికింది. నీలం అట్ట, రూళ్ల కాగితాలు. అట్ట మీద పేరు లేదు, సబ్జెక్టూ లేదు. ఎవరి కంటైనా పడితే నా పరువేం కావాలని అప్పట్లో కావాలనే రాయలేదు. మొదటి పేజీ మొదటి వరుసలో ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న: "క్లావికిల్, ఏ పక్కది?" దాని మీద అడ్డంగా ఒక గీత. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో నాలుగు తేదీలు.

పెట్టె సర్దడం ఆ పూటకి అక్కడే ఆగిపోయింది.

మెడిసిన్‌లో చేరేనాటికి నాకు చదవడం బాగా వచ్చని గట్టి నమ్మకం. వచ్చు కాబట్టే కదా సీటొచ్చింది! నా పద్ధతి చాలా తేలిక. పాఠాన్ని పైకి చదవడం, మళ్లీ చదవడం, మూడోసారి చదువుతూ రంగు పెన్నుతో గీతలు పెట్టడం. అనాటమీ పుస్తకంలో నా గీతలు ఎంత దూరం వెళ్లాయంటే, పేజీలో రంగు పడని వాక్యం ఏదైనా మిగిలితే అదే ముఖ్యమైనదేమో అన్నట్టు ఉండేది. పసుపు నిర్వచనాలకి, ఆకుపచ్చ నరాలకి, గులాబీ రక్తనాళాలకి. ఏ రంగు దేనికో గుర్తుండేది, విషయమే గుర్తుండేది కాదు. రాత్రి పడుకునే ముందు "ఇవాళ పది గంటలు చదివాను" అని లెక్క చెప్పుకునేదాన్ని. ఆ పది గంటల్లో ఏం మిగిలిందని ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

మొదటి ఇంటర్నల్ వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడిగారు.

బల్ల మీద ఎముకలు వరసగా పేర్చి ఉన్నాయి. సార్ అందులోంచి క్లావికిల్ తీసి నా చేతిలో పెట్టారు. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ పాఠం నాలుగుసార్లు చదివాను. బొమ్మ ఎడమ పేజీలో కింది మూలన ఉంటుందని, దాని పక్కన నేను గులాబీ రంగులో నక్షత్రం వేశానని కూడా కళ్లకి కడుతోంది.

"ఏ పక్కదమ్మా?" అన్నారాయన.

గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. నిర్వచనం చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "అది తర్వాత. కుడి పక్కదా, ఎడమ పక్కదా?" ఎముకని తిప్పాను. మళ్లీ తిప్పాను. బొమ్మలో అది కదలకుండా ఉండేది, చేతిలో మాత్రం ఎటు తిప్పితే అటే సరిపోతున్నట్టుంది. చివరికి "కుడి" అన్నాను, సగం సగం అవకాశం కదా అని. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నీ మెడ దగ్గర పెట్టుకుని చూడు" అన్నారు. పెట్టుకున్నాను. గుండ్రటి కొస ఛాతీ ఎముక వైపు, చదునైన కొస భుజం వైపు, గాడి ఉన్న ముఖం కిందికి. అలా పెడితే ముందుకి ఉబ్బాల్సిన వంపు వెనక్కి పోయింది. ఎడమ వైపు పెట్టగానే అతికినట్టు కూర్చుంది. నా ఒంట్లోనే రెండున్నాయి ఆ ఎముకలు. తడిమి చూసుకోవాలని నాలుగుసార్లు చదివినా తోచలేదు.

ఆ ఇంటర్నల్ తప్పాను. అప్పటిదాకా ఏ పరీక్షా తప్పని మనిషికి అదెలా ఉంటుందో అలాగే ఉంది, దాని గురించి పెద్దగా చెప్పను. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు మా పై ఏడాది అక్క ఒకామె తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

ఆమెది ఓదార్చే స్వభావం కాదు. నా అనాటమీ పుస్తకం తీసి, పేజీలు తిరగేసి, "పెళ్లి పందిరిలా ఉందే" అంది. తర్వాత టప్పున మూసి, "భుజం కీలు గురించి చెప్పు" అంది. నేను పుస్తకం వైపు చెయ్యి చాచాను. ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. "పుస్తకానికి వచ్చని నాకు తెలుసు. నీకేం వచ్చో చెప్పు."

రెండు వాక్యాలు చెప్పాను. మూడోది రాలేదు.

"ఇప్పుడు నువ్వు ఆగిన చోటుంది చూడు, అది రాసుకో. వచ్చింది కాదు, రానిది" అంది. ఆ సాయంత్రమే నీలం నోట్‌బుక్ మొదలైంది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. జవాబు పుస్తకంలో దొరికినంత మాత్రాన ప్రశ్న కొట్టేయకూడదు. పుస్తకం మూసి, ఎదురుగా ఇంకో మనిషిని కూర్చోబెట్టి, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాకే గీత గీయాలి. ఆ మనిషి మెడిసిన్ చదివే మనిషే కానక్కర్లేదు. కాకపోతే ఇంకా మంచిదంది.

నియమం వినడానికి బాగానే ఉంది. ఆచరిస్తే మాత్రం ఒళ్లు మండేది. అంతవరకు రోజుకి 20 పేజీలు దౌడు తీసేదాన్ని, ఇప్పుడు మూడు పేజీలు దాటడం గగనమైపోయింది. పుస్తకం మూయడం, ఖాళీ కాగితం ముందు కూర్చోవడం, బుర్ర కూడా ఆ కాగితంలాగే తెల్లగా ఉందని తెలుసుకోవడం. చదువుతున్నట్టే అనిపించేది కాదు. వెనక్కి పోతున్నానేమో అని భయం వేసేది. పక్క గదుల్లో అందరూ ముందుకెళ్లిపోతున్నారు, నేనింకా చంక దగ్గరే ఉన్నాను.

చంక అన్నాను కదా, బ్రేకియల్ ప్లెక్సస్ అక్కడే ఉంటుంది. చేతికి వెళ్లే నరాల అల్లిక. మెడలోంచి ఐదు వేర్లు (సీ5 నుంచి టీ1 వరకు) బయల్దేరి మూడు కాండాలవుతాయి, ఒక్కో కాండం రెండుగా చీలి ఆరవుతాయి, ఆరూ కలిసి మూడు తాళ్లవుతాయి, ఆ తాళ్లలోంచి చేతికి ఐదు పెద్ద నరాలు. చెప్పుకుంటే ఇంతే. గీయమంటే మాత్రం చిక్కుపడిన దారపు ఉండ. రోజూ పొద్దున లేవగానే, మొహం కూడా కడగకుండా, ఒక తెల్ల కాగితం మీద దాన్ని గీసేదాన్ని. మొదటి వారం అన్నీ తప్పులే. తప్పుని ఎర్ర పెన్నుతో దిద్ది, ఆ కాగితాన్ని గోడకి అంటించేదాన్ని. మరుసటి రోజు దాని వైపు చూడకుండా మళ్లీ గీయాలి. నెల తిరిగేసరికి మూడు నిమిషాల్లో వచ్చేసేది. అంతకన్నా వింత ఏమిటంటే, ఆ గీతలు నెమ్మదిగా చేతిగా మారిపోయాయి. దండచేయి ఎముక మధ్యలో విరిగితే దాన్ని చుట్టుకుని పోయే రేడియల్ నరం దెబ్బతింటుంది, మణికట్టు వాలిపోతుంది. ఇది నేను ఎక్కడా వల్లె వేయలేదు. గీస్తూ గీస్తూ ఉంటే ఒకరోజు "ఇక్కడ తెగితే ఏమవుతుంది?" అనిపించింది, అంతే.

ఎముకలకి ఇంకో ఆట ఉండేది. సీనియర్ల నుంచి వంతులుగా చేతులు మారిన బోన్ సెట్టులోని చిన్న ఎముకల్ని గుడ్డ సంచిలో వేసి, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తీయడం. మణికట్టులో 8 ఉంటాయి. పడవలా ఉండేది స్కాఫాయిడ్, కొక్కెం తగిలితే హామేట్, బఠానీ గింజంత ఉంటే పిసిఫార్మ్. తడిమి పేరు చెప్పలేకపోతే బయటికి తీయకూడదు. పెద్దవాళ్లలో మొత్తం 206 ఎముకలంటారు. ఆ అంకె నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. వేళ్లకి రావడానికి ఏడాది పట్టింది.

బయోకెమిస్ట్రీ సంగతి త్వరగా దాటేస్తాను. క్రెబ్స్ సైకిల్‌ని, కణం తిండిలోంచి శక్తి తీసే రసాయన చర్యల చక్రాన్ని, ఎన్నిసార్లు నేర్చుకున్నానో అన్నిసార్లూ మర్చిపోయాను. ఈ నోట్‌బుక్‌లో అది ఆరు చోట్ల ఉంది, ఆరు గీతలతో.

మార్జిన్‌లో నాలుగు తేదీలున్నాయన్నాను. అది కూడా అక్క చెప్పిందే. కొట్టేసిన ప్రశ్నని మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, నెలకి మళ్లీ అడుక్కోవాలి. తప్పితే గీత చెల్లదు, ప్రశ్న కొత్తగా రాయాలి. అదంతా ఆమె సొంత తెలివి అనుకున్నాను చాలా కాలం. తర్వాత సైకియాట్రీ పోస్టింగులో ఉన్నప్పుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త గురించి చదివాను. 1885లో ఆయన తన మీద తనే చేసుకున్న ప్రయోగాలు అచ్చు వేశాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేసి, కొంత విరామం ఇచ్చి, మళ్లీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అవుతుందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా, ఒక రోజు గడిస్తే 34, నెల గడిస్తే 21. ఆ అంకెలు చూస్తుంటే నా పది గంటల చదువులు గుర్తొచ్చాయి. రాత్రి చదివినది పొద్దునకల్లా ఎక్కడికి పోతోందా అని నన్ను నేను తిట్టుకునేదాన్ని. నాకే కాదు, అది ఎవరికైనా అలాగే పోతుందట.

ఇంకొకటి కూడా అప్పుడే చదివాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు విద్యార్థుల చేత చిన్న పాఠాలు చదివించారు. కొందరు అదే పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు. చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకి 42. నన్ను పట్టుకున్నది ఆ అంకెల కన్నా ఆ ఐదు నిమిషాలు. పుస్తకం మూసిన ఐదు నిమిషాలకి అన్నీ వచ్చినట్టే ఉంటుంది. నేను రోజూ ఆ ఐదు నిమిషాల సంబరంలోనే నిద్రపోయేదాన్ని.

నిద్ర విషయంలో నా నిర్వాకం కూడా ఈ నోట్‌బుక్‌లో ఉంది. ఫిజియాలజీ పరీక్ష ముందు రాత్రంతా మేలుకున్నాను, అందరూ మేలుకున్నారని. పొద్దున హాల్లో కూర్చున్నాక కిడ్నీ ప్రశ్న కనిపించింది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మ గీశాను, ఏ గొట్టంలో ఏం పీల్చుకుంటుందో ఒక్క ముక్క రాలేదు. గదికొచ్చి నాలుగు గంటలు పడుకుని లేచాక మొత్తం వరసగా గుర్తొచ్చింది. ఏం లాభం? ఆ రోజు పేజీలో ఒకే వాక్యం: "పడుకో."

రెండో ఏడాదిలో వార్డులకి వెళ్లడం మొదలైంది. ఆప్రాన్ వేసుకుని, స్టెత్ మెడలో వేసుకుని, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని వెళ్తుంటే రోగులు "డాక్టరమ్మా" అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వినగానే లోపల ఒక దొంగ ఒళ్లు దగ్గర పెట్టుకునేది.

అక్కడ నేర్పేవాటిలో ఒకటి చేత్తో కొట్టి చూడటం, పర్కషన్. ఎడమ చేతి మధ్యవేలు ఛాతీ మీద ఆనించి, దాని మీద కుడి మధ్యవేలితో తట్టాలి. కదలాల్సింది మణికట్టు, మోచెయ్యి కాదు. కింద గాలి ఉంటే ఖంగుమంటుంది, నీరు చేరితే రాయిలా మొద్దుగా ఉంటుంది. ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ దీన్ని 1761లో రాశాడు. వాళ్ల నాన్నకి సత్రం ఉండేదని, పీపాల్లో సరుకు ఎంతవరకుందో తట్టి తెలుసుకోవడం చిన్నప్పుడు చూశాడని చెబుతారు. పాపం, రాసిన చాలా ఏళ్లకి గానీ ఎవరూ పట్టించుకోలేదు. నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ 1808లో ఫ్రెంచిలోకి అనువదించాకే దానికి వెలుగొచ్చింది. ఈ కథ నచ్చి నేను కనిపించినదల్లా తట్టడం మొదలుపెట్టాను. గోడలు, బీరువాలు, సగం నిండిన బకెట్లు. సొరుగులో పుస్తకాలున్నాయో లేవో తట్టి చెప్పేదాన్ని. మా రూమ్మేట్ మూడో రోజు రాత్రి దిండు విసిరింది.

స్టెత్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండె వినాల్సి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాల్ని గొట్టంలా చుట్టి విన్నాడట. నేరుగా చెవి పెట్టిన దానికన్నా స్పష్టంగా వినిపించిందట. నాకేమో రెండు వందల ఏళ్లు మెరుగుపరిచిన గొట్టంలోంచి కూడా ఏమీ వినిపించేది కాదు.

ఆ రోజు వార్డులో 15 మందిమి. మంచం మీద నలభై దాటిన ఒక తల్లి. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకోలేదు, రెండు దిండ్లు ఎత్తు కావాలి. మైట్రల్ స్టెనోసిస్. గుండెలో ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం సన్నబడిపోవడం. సార్ ఒక్కొక్కళ్లనీ వినమన్నారు. వినడానికి వంగినవాళ్లంతా లేస్తూ "వినిపించింది సార్" అంటున్నారు. నా వంతు వచ్చింది. లబ్ డబ్, లబ్ డబ్. మిగతాదేదీ లేదు. లేచి, "వినిపించింది సార్" అన్నాను.

నా వెనకే ఉన్న అబ్బాయి వంగాడు. చాలాసేపు విన్నాడు. లేచి, "నాకేం వినిపించలేదు సార్" అన్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. సార్ మొహం వెలిగింది. "రా" అని అతన్ని దగ్గరికి పిలిచి, ఆమెని ఎడమ పక్కకి ఒత్తిగిలమన్నారు. స్టెత్‌ని బెల్ వైపు, అంటే గిన్నెలా ఉండే వైపు, తిప్పి, గుండె కొన కొట్టుకునే చోట అదిమిపెట్టకుండా ఊరికే ఆనించారు. ఆమెని ఊపిరి వదిలి ఆపమన్నారు. "ఇప్పుడు రెండో చప్పుడు తర్వాత విను." అతని కళ్లు పెద్దవయ్యాయి. "దూరంగా ఉరుము ఉరిమినట్టుంది సార్."

అప్పటికి అందరూ వినేశాం కాబట్టి మాకెవరికీ రెండో అవకాశం రాలేదు. అబద్ధం చెప్పిన 14 మందికీ ఆ ఉరుము దక్కలేదు. నేను సిగ్గుతో కాదు, అసూయతో రగిలిపోయాను. నిజం చెప్పాలంటే ఆ అసూయే నాకు మేలు చేసింది. నోట్‌బుక్‌లో తెలియదని రాసుకోవడం వచ్చింది గానీ నలుగురి ముందు నోటితో అనడం నాకింకా రాలేదని అప్పుడే తెలిసింది. సాయంత్రం ఒక్కదాన్నే వార్డుకి వెళ్లాను.

"పెద్దమ్మా, ఇంకోసారి వింటాను, ఒప్పుకుంటారా? పొద్దున నాకు వినపడలేదు" అన్నాను. ఒక మనిషికి ఆ మాట ఎదురుగా చెప్పడం అదే మొదటిసారి.

ఆమె నవ్వి తనే ఎడమ పక్కకి తిరిగింది. పొద్దున్నుంచీ అంతమంది చేతుల్లో పడ్డాక ఆమెకి కూడా అలవాటైపోయినట్టుంది. బెల్ ఆనించాను. ఆమె ఊపిరి వదిలి ఆపింది. ముందు గట్టిగా మొదటి చప్పుడు, తర్వాత రెండోది, వెంటనే చిటిక వేసినట్టు ఒక చిన్న శబ్దం, ఆ వెనకాల గొణుగుతూ, దొర్లుతూ, కింది స్థాయిలో అది. ఉరుమే. ఎన్ని పేజీలు చదివినా ఊహకందని శబ్దం. చెవుల్లోంచి తీయబుద్ధి కాలేదు.

తీశాక ఆమె నా మొహంలోకి చూసి అడిగింది. "పొద్దున్నుంచి అందరూ వింటున్నారు. ఏమంటోందమ్మా నా గుండె?"

నోరు తెరిచాను. మిడ్ డయాస్టాలిక్ మర్మర్, ఓపెనింగ్ స్నాప్, లౌడ్ ఎస్1. ఇవన్నీ వరసగా నాలుక చివరికి వచ్చి అక్కడే నిలబడిపోయాయి. ఆమెకి చెప్పదగ్గ మాట వాటిలో ఒక్కటీ లేదు. "రేపు చెబుతాను పెద్దమ్మా" అన్నాను. "సరేలే, తొందరేముంది" అందామె.

గదికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అప్పటిదాకా రాసిన ప్రశ్నలన్నీ నావి, లేదా పరీక్షలో అడిగేవి. ఇదొక్కటీ వేరే మనిషి గొంతులో ఉంది: "ఏమంటోందమ్మా నా గుండె?"

మర్నాడు పొద్దంతా క్లాసులు, సాయంత్రం టెస్టు. రాత్రి రూమ్మేట్‌ని కూర్చోబెట్టి అభ్యాసం చేశాను. ఆమెకి ఇదంతా తెలుసు కాబట్టి ఇంగ్లీషు పదం దొర్లితే తప్పు పట్టమన్నాను. పదకొండుసార్లు పట్టింది. చివరికి కుదిరింది. మీ గుండెలో పై గదిలోంచి కింది గదిలోకి ఒక తలుపుంటుంది పెద్దమ్మా. అది పూర్తిగా తెరుచుకోవడం లేదు. రక్తం ఆ సందులోంచి ఒరుసుకుంటూ దూరాల్సి వస్తోంది, మాకు వినపడే చప్పుడు అదే. దూరలేనిది వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది, అందుకే మీకు పడుకుంటే ఆయాసం. ఇందులో ఒక్క మాటా కష్టమైనది కాదు. ఇంత చిన్న విషయం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడో రోజు పొద్దున్నే, రౌండ్స్ మొదలవక ముందే వార్డుకి వెళ్లాను. ఆ మంచం మీద కాలికి కట్టుతో ఇంకెవరో అమ్మాయి పడుకుని ఉంది. అడిగితే సిస్టర్ రిజిస్టరు చూసి, నిన్న సాయంత్రం డిశ్చార్జి అయి వెళ్లిపోయిందని చెప్పింది.

నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. పైన పన్నెండు ప్రశ్నలు, కింద తొమ్మిది, అన్నిటి మీదా గీతలు. మధ్యలో ఆ ఒక్క వరుస మీద లేదు. జవాబు నాకొచ్చు. ఆ తర్వాత ఎంతమందికో చెప్పాను కూడా. అయినా అక్క పెట్టిన నియమం ప్రకారం అది కొట్టేయడానికి లేదు, అడిగిన మనిషికి నేనింకా చెప్పలేదు.